నూకరత్నం కంటి కొలత

రోజు 1

తయారీ లైసెన్సు కావాలంటే యంత్రం రాసిన రికార్డు చెల్లదట. మనిషి చేత్తో, సిరాతో, కొట్టివేతలతో సహా రాయాలట. నేను ఆఖరిసారి పెన్ను పట్టింది పదో తరగతి పరీక్షల్లో. ఆఫీసులో మిగతా తొమ్మిది మందీ తమ అక్షరాలు బాగుండవని ముందే చెప్పి తప్పుకున్నారు. నావి మాత్రం బాగుంటాయని ఎవరన్నారు? ఆ రోజు మీటింగుకి ఆలస్యంగా వెళ్లాను, అంతే. పుస్తకం నా నెత్తిన పడింది.

పేరు జగ్గారావు. పని, పలకలు సరిచేయడం. కంపెనీ పేరు దూరం, మేం చేసే వస్తువు పేరూ దూరమే. గోడకి తగిలించుకునే పలక. కళ్లకి ఏమీ పెట్టుకోకుండా దాని ముందు కూర్చుంటే బొమ్మ గోడలోపలికి మైళ్ల కొద్దీ వెళ్తుంది, మన ముక్కు దాకా కూడా వస్తుంది. ఎండకి జడిసి కిటికీలన్నీ ఇటుకలతో మూసేసుకున్న విశాఖపట్నంలో ఇది అమ్ముడుపోకపోతే ఇంకేదీ అమ్ముడుపోదని మా యజమాని హిమజ నమ్మకం. నాకూ ఆ నమ్మకం ఉంది. లేకపోతే ఆరేళ్లుగా ఇక్కడ ఎందుకు పడుంటాను?

ఈ రోజు నుంచి లెక్కిస్తే పలక విడుదల సరిగ్గా వందో రోజున.

రోజు 4

పని తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలు. పదింటికి ఎండ సైరన్ మోగగానే తలుపులు మూసేస్తారు. ఉదయం మొదటి పని పలకల మీద పేరుకున్న ఉప్పు తుడవడం. సముద్రం జగదాంబ జంక్షన్ దాకా వచ్చేశాక ఈ ఊళ్లో ఉప్పు పట్టని వస్తువు లేదు.

రెండో పని నూకరత్నం వచ్చిందో లేదో చూసుకోవడం. ఆమె రాకపోతే ఆ రోజు పని లేనట్టే. అదెందుకో ఇక్కడ రాయాలి.

ప్రతి పలకలోనూ మొదట ఒక ముత్యం బొమ్మ చూపిస్తాం. అది గాల్లో, చూసేవాళ్ల కంటికి సరిగ్గా మూర దూరంలో నిలబడాలి. నిలబడిందో లేదో చెప్పడానికి మా దగ్గర మీటరు ఉంది. కిందటేడు మీటరు మూర అన్న పలకలన్నీ చూసినవాళ్లకి తలపోట్లు తెచ్చాయి. ఇంజనీర్లం అందరం బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే, గది ఊడ్చడానికి కొత్తగా చేరిన నూకరత్నం చీపురు పట్టుకుని నిలబడి, ముత్యం అరంగుళం ఇవతలికి ఉందని చెప్పింది. ఆమె జాలరిపేట మనిషి. ముప్పై ఏళ్లు వలలు అల్లింది, పక్కనే మొగుడు పడవ నడుపుతుంటే రేవు ఎంత దూరమో కేకేసి చెప్పింది. ఆమె చెప్పినట్టు సరిచేస్తే తలపోట్లు పోయాయి.

అప్పటి నుంచి మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఏర్పడింది. మీటరుకీ నూకరత్నానికీ మాట కలవకపోతే మీటరుదే తప్పు. మీటరుని ఆమెకి సరిచేస్తాం. ఎనిమిది నెలలుగా ఇదే నడుస్తోంది. రోజుకి అరవై పలకలు, ఆమె పలక ముందున్న చట్రంలో గెడ్డం ఆనించి "మూర" అంటుంది, నేను మర బిగించి సరి అని రాస్తాను.

రోజు 17

ఈ రోజు పదకొండు పలకల్లో ముత్యం దగ్గరగా ఉందంది రత్నం. "వేలెడు తక్కువుంది బాబు" అంది. వేలెడు దూరం జరిపాను. మీటరుని కూడా జరిపాను. గిడ్డంగిలో తేమ ఎక్కువై గాజు ఉబ్బిందేమో అనుకున్నాం.

ఆమెకి ఇక్కడ ఉద్యోగం మీద మోజేమీ లేదు. మొగుడు అప్పన్న రెండేళ్ల కిందట వడదెబ్బకి పోయాడు. అతని పడవ జగదాంబ రేవులో కట్టేసి ఉంది. పడవ నడపాలంటే సరంగు లైసెన్సు కావాలి, ఆ పరీక్షకి కూర్చోవాలంటే ఏదో ఒక యంత్రం పని ఒక్క రోజు కూడా తప్పకుండా ఏడాది చేసినట్టు సర్టిఫికెట్ కావాలి. ఏడాది నిండడానికి ఆమెకి ఇంకా నాలుగు నెలల లోపే ఉంది. పరీక్ష ఈ లెక్కలో 120వ రోజున. మళ్లీ పరీక్ష మూడేళ్లకి గానీ పెట్టరు, అప్పటికి ఆమెకి నలభై ఏడు దాటిపోతాయి, ఇక రానివ్వరు. ఇదంతా ఆమె మూడుసార్లు చెప్పింది, నాలుగోసారి నేనే ఆమెకి చెప్పాను.

రోజు 38

ఉదయం ఆఫీసుకి వచ్చే పడవ దిగుతూ రత్నం నీళ్లలో పడింది. నేను ఆమె వెనకే ఉన్నాను. రేవు మెట్టు మీద వేయాల్సిన కాలు మెట్టుకి ఇవతలే వేసింది. జారలేదు, తూలలేదు. మెట్టు అక్కడే ఉందన్నంత ధీమాగా ఖాళీలో అడుగేసింది.

ముప్పై ఏళ్లు పడవల మీద తిరిగిన మనిషి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వి చీర పిండుకుంది. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే నిన్న తలుపు గడియ కోసం ఆమె చెయ్యి చాపడం చూశాను. అదీ ఇవతలే ఆగింది.

ఆఫీసుకి వచ్చాక ఆరు పలకలకి వేలెడు తక్కువంది. జరిపాను. మీటరునీ జరిపాను.

రోజు 43

బలవంతం చేస్తే రత్నం కంటి డాక్టరు దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మ పరీక్షలు చేసి చెప్పినదాంట్లో నాకర్థమైనది ఇది. కళ్లు బాగానే ఉన్నాయి. దూరం లెక్క కట్టే మెదడు మారుతోంది. నిజంగా లేని ముత్యాన్ని రోజుకి అరవై సార్లు ఉన్నట్టు చూసీ చూసీ, దాని లెక్కే అసలు లెక్క అనుకుంటోంది. దాంతో లోకంలో ప్రతి వస్తువూ ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తోంది, ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ తేడా. పలకకి దూరంగా ఆరు నెలలు ఉంటే బాగుపడొచ్చు. ఉండకపోతే అలాగే ఉండిపోవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు పైకప్పు మూసిన బజారులో నీళ్ల డబ్బా వరసలో నిలబడి అడిగాను, ఏం చేస్తావని.

"ఆర్నెల్లు మానేస్తే పరీక్ష పోద్ది. మానకపోతే కళ్లు పోతాయి. ఏది మానమంటావు బాబు?" అంది.

ఇంజనీరుని కదా, ఏదో ఒకటి చేస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

రోజు 45

హిమజతో మాట్లాడాను. ముప్పై రెండేళ్ల పిల్ల, ఈ కంపెనీని పళ్ల బిగువున లాక్కొస్తోంది, ఆమె మీద నాకు కోపం లేదు. రత్నానికి సెలవిచ్చి హాజరు వేసేద్దామన్నాను. హాజరు మన చేతుల్లో లేదు, గేటు దగ్గర కంటిపాప చూసి నేరుగా సర్కారు లెక్కలోకి పోతుందని గుర్తు చేసింది. నిజమే. పోనీ ఆఫీసులోనే ఉంచి వేరే యంత్రం పని ఇద్దామన్నాను. దానికి వెంటనే ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది, ఆమె చోట కూర్చోవడానికి ఇంకో కన్ను తెచ్చుకోమంది.

గుండె తేలికపడింది. ఈ ఊళ్లో వలలు అల్లినవాళ్లకి కొదవా?

రోజు 58

పన్నెండు మందిని పిలిచాను. ఇద్దరు జాలర్లు, ఒక కంసాలి, ఒక దర్జీ, పాత లారీ డ్రైవరు ఒకాయన, ఇంకా అలాంటివాళ్లే. మీటరు సరి అన్న పలక ముందు కూర్చోబెట్టి ముత్యం ఎంత దూరమో అడిగాను.

పన్నెండు మందీ తప్పారు.

కంసాలి అయితే నాతో గొడవకి దిగాడు. గోరంత తేడాని పట్టే నా కంటికే వంక పెడతావా అన్నాడు. సైరన్ మోగే వేళయిందని అందరినీ పంపేసి, వాళ్లు చెప్పిన కొలతలు పుస్తకంలో ఎక్కించడానికి కూర్చున్నాను. మూర మీద బెత్తెడు. మూర మీద బెత్తెడు. మళ్లీ అదే. పన్నెండు మందీ చెప్పింది ఒకటే కొలత.

పన్నెండు మంది తప్పు చెబితే పన్నెండు తప్పులు రావాలి కదా. గిడ్డంగిలో నుంచి కర్ర స్కేలు తెచ్చాను, మీటరుని పక్కన పెట్టి చేత్తో కొలిచి, కాగితం మీద లెక్కలు కట్టాను. రెండు గంటలు పట్టింది. వాళ్లదే నిజం. ముత్యం మూర మీద బెత్తెడు దూరంలో ఉంది.

రత్నం కన్ను వేలెడు జారినప్పుడల్లా మేం పలకని జరిపాం. మీటరు పలకని తప్పు పట్టకూడదని దాన్నీ జరిపాం. జరిపిన పలకని చూసి ఆమె కన్ను ఇంకో వేలెడు జారింది. పలకని మళ్లీ జరిపాం. పది నెలలు ఇదే పని నేనే దగ్గరుండి చేశాను. ఆమె కళ్లని చెడగొట్టింది పలక కాదు, పలకా నేనూ కలిసి.

అప్పుడు నేను వెళ్లి ఆ చట్రంలో గెడ్డం ఆనించాను. నాకు ముత్యం సరిగ్గా మూర దూరంలో కనిపించింది.

రోజు 81

ఇరవై రోజులకి పైగా ఇందులో ఏమీ రాయలేదు. తనిఖీకి ఎవరైనా వస్తే జ్వరమని చెప్పాలి.

పుస్తకంలో రాయకుండా చేసిన పని ఇది. మిగతావాళ్లకి తెలియకుండా ఒక పలకని పన్నెండు మంది కొలతకి, అంటే అసలు కొలతకి సరిచేశాను. రత్నాన్ని దాని ముందు కూర్చోబెట్టాను. సరైనది చూస్తే కన్ను దారికి వస్తుందని నా ఆశ. మొదటి రోజు తలపోటు అంది. మూడో రోజు వాంతి చేసుకుంది. ఐదో రోజు గెడ్డం చట్రంలో నుంచి తీసేసి, పలక వైపు అసహ్యంగా చూసింది.

"ఇది తప్పు పలక బాబు. దీన్ని ఎవరికీ అమ్మకండి" అంది.

పాత పలక పెట్టగానే ఆమె ముఖం తేటపడింది.

హిమజకి అంతా చెప్పాను, స్కేలు, లెక్కలు, పన్నెండు మంది పేర్లతో సహా. అంతా విన్నాక, గిడ్డంగిలో ఉన్న పద్దెనిమిది వేల పలకలు విప్పి మళ్లీ బిగించడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. పది నెలలన్నాను. విడుదలకి పంతొమ్మిది రోజులు. రత్నాన్నయినా పలక ముందు నుంచి తప్పించమన్నాను. రత్నం తప్పుకుంటే రోజుకి అరవై పలకలు ఆగిపోతాయంది హిమజ.

"మూడు వందల ఇళ్లల్లో పెట్టి చూశాం కదండీ జగ్గారావు గారూ, ఒక్కరైనా బాగోలేదన్నారా?" అంది.

బాగోలేదనరు. వారం రోజులు చూస్తే వాళ్ల కళ్లు కూడా పలకకే అలవాటు పడతాయి. ఆ మాటే చెప్పాను. విడుదల కానిచ్చాక తప్పకుండా చూద్దామంది. ఆమె గొంతులో భయం ఉంది, మోసం లేదు. మాట్లాడుతూ చేతిలో ఫోను బల్ల మీద పెట్టబోయింది. ఫోను బల్లకి ఇవతలే వదిలేసింది, అది నేల మీద పడి పగిలింది. ఇద్దరం దాని వంక చూశాం.

రోజు 88

తనిఖీ అధికారి వచ్చాడు. ఈ పుస్తకం అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. 58వ రోజు పేజీ తెరిచి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి సిరా చూశాడు, వేలితో రుద్ది చూశాడు, పేజీలు లెక్కపెట్టాడు. కొట్టివేతలు కాస్త తక్కువగా ఉన్నాయి, యంత్రం రాసిందేమోనని అనుమానం వస్తుంది, ఇకముందు కొంచెం కొట్టివేయండని సలహా ఇచ్చాడు.

ఆ పేజీ చదవమని బతిమాలాను. మనిషి రాశాడా లేదా చూడటం వరకే తన పని, ఏం రాశాడో చూసే విభాగం వేరే ఉందని చెప్పి ముద్ర వేశాడు. ఆ విభాగం ఎక్కడుందని అడిగితే, దాన్ని మూసేసి నాలుగేళ్లయిందన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు.

రోజు 100

విడుదలైంది. జనం తెల్లవారకముందే వరసకట్టారు. ఒక ముసలాయన ప్రదర్శనకి పెట్టిన పలకలో అరకు లోయ చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు. పద్నాలుగేళ్లయిందట దూరంగా ఉన్నదేదైనా చూసి. నా చేతులు పట్టుకుని మీరు చల్లగా ఉండాలన్నాడు. నేను ఆయనతో ఏం చెప్పాలి? వద్దు తాతా, కొనకు అనాలి. నోటి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి బిల్లు రాసిచ్చాను. పెట్టె మోసుకెళ్లి పడవలో పెట్టింది కూడా నేనే.

సాయంత్రం అందరికీ మిఠాయిలు పంచారు. నేను ఇంత పిరికివాణ్నని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

రోజు 117

రత్నానికి ఏడాది నిండింది. సర్టిఫికెట్ మీద హిమజ సంతకం చేసి, పైన ఒక కొత్త చీర కూడా పెట్టి ఇచ్చింది. పరీక్ష వాయిదా వేయించుకోవడానికి వీలుందేమోనని నేను రేవు ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను, లేదన్నారు. ఈ మూడు రోజులూ పలక చూడొద్దని మాట తీసుకున్నాను. ఇంట్లో చీకట్లో కళ్లు మూసుకుని కూర్చుంటుందట. మూడు రోజుల్లో ఏమవుతుంది? అయినా చెప్పాను. ఏదో ఒకటి చెప్పకపోతే ఆమె ముఖం చూడలేను.

రోజు 120

పరీక్ష ఉదయం ఐదున్నరకి, జగదాంబ రేవులోనే. అప్పన్న పడవనే కడిగి, పసుపు రాసి, పూలదండ వేసి తెచ్చింది. సరంగు పరీక్షలో కష్టమంతా ఆఖర్లో ఉంటుంది. పడవని రేవు గోడకి తగలనివ్వకుండా మూర దూరంలో ఆపాలి. నిలబడిన చోటు నుంచి తాడు కొస రేవు మనిషి చేతికి అందించాలి. విసరకూడదు, చేతికి చెయ్యి తగలాలి. మూడు అవకాశాలు ఇస్తారు.

పడవ మలుపు తిరిగి వస్తుంటే రేవులో ఉన్న సరంగులంతా మాటలాపి చూశారు. అంత బాగా నడిపింది. అలలకి ఎదురు పోకుండా, ఇంజను ఏడిపించకుండా, నీటిమీద గీత గీసినట్టు తెచ్చింది. ఒక ముసలి సరంగు, అప్పన్న పెళ్లామేనా అని నన్ను అడిగాడు. అవునన్నాను. గర్వంగా అన్నాను.

పడవ ఆగింది. రేవుకి బారన్నర దూరంలో ఆగింది.

రత్నం ఇంజను ఆపేసి, ముందుకి వచ్చి, తాడు కొస పట్టుకుని చెయ్యి చాపింది. రేవు మనిషి కూడా మర్యాదకి చెయ్యి చాపాడు. ఇద్దరి చేతుల మధ్య ఒక మనిషి పడుకునేంత నీళ్లు ఉన్నాయి. ఆమె అతని చేతికి తాడు పెడుతున్నట్టు వేళ్లు వదిలింది. తాడు నీళ్లలో పడింది. అతను ఎందుకు పట్టుకోలేదా అని ఆమె అతని ముఖం వంక కోపంగా చూసింది.

రెండోసారీ అంతే. మూడోసారి నేను ఉండబట్టలేక, ఇంకా ముందుకి రా రత్నమ్మా, ఇంకా ముందుకి రా అని అరిచాను. ఒడ్డు నుంచి ఎవరూ మాట సాయం చేయకూడదని పరీక్షాధికారి నా నోరు మూయించాడు. ఆమె నా వైపు చూసింది, తర్వాత గోడ వైపు చూసింది. గోడ ముక్కు ముందే ఉన్నట్టు కనిపిస్తోంది కాబోలు, ఇంకా ముందుకి వెళ్లమంటున్న నా మాట నమ్మాలో కళ్లని నమ్మాలో తెలియక తటపటాయించింది. కళ్లనే నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

ఆమె కాగితం మీద అడ్డగీత కొట్టారు. పడవని వేరే సరంగు తెచ్చి కట్టాడు.

రోజు 123

ఈ ఉదయం నాలుగున్నరకి రత్నం గేటు దగ్గర నిలబడి ఉంది. ఎవరో చెయ్యి పట్టుకుని పడవ దింపారట.

ఎందుకొచ్చావన్నాను. సర్టిఫికెట్ గొడవ లేదు, పరీక్ష గొడవ లేదు, ఇప్పుడైనా ఆరు నెలలు ఇంట్లో ఉంటే చూపు తిరిగొస్తుంది, నా మాట విను, నీ కాళ్లు పట్టుకుంటానన్నాను. నిజంగానే వంగాను. ఆమె వెనక్కి జరిగింది.

"చూపొచ్చి ఏటి చేసుకోను బాబు? నా పడవ వేరేవోళ్లు తిప్పుతుంటే ఒడ్డున కూకుని సరిగ్గా చూడ్డానికా?" అంది.

ఆమె గది వైపు నడిచింది, గోడ తడుముకుంటూ. పీట మీద కూర్చుని గెడ్డం చట్రంలో ఆనించింది.

"బయట ఏదీ నాను చెయ్యెట్టిన కాడ ఉండట్లేదు. ఇక్కడైతే ఉన్నది ఉన్నకాడే ఉంటాది. పలక ఎయ్యి బాబు."

ఎనిమిది మంది కొత్త పలకలు మోసుకొచ్చి వరసగా పెడుతున్నారు. విజయవాడ నుంచి, రాజమండ్రి నుంచి ఆర్డర్లు వచ్చాయట. హిమజ తలుపు దగ్గరికి వచ్చి, రత్నాన్ని చూసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆపమని చెబుతుందేమోనని కాసేపు ఎదురుచూశాను. నేనే ఆపొచ్చు కదా, ఆ స్విచ్చు నా చేతిలోనే ఉంది కదా అని కూడా అనుకున్నాను. ఆపితే ఆమె ఎక్కడికి వెళ్తుంది?

స్విచ్చు వేశాను. ముత్యం గాల్లోకి వచ్చి నిలబడింది. చాలా రోజుల తర్వాత రత్నం ముఖంలో బెదురు పోయింది.

"మూర" అంది.

మీటరు మూర అంది. నేనూ చూశాను, నా కంటికీ మూరే.

సరి అని రాసి, రెండో పలక పెట్టాను.